దీపం వెలిగిస్తే తిరిగే ముల్లు

అక్కుపల్లి బైరాగి దేనికీ జడిసే మనిషి కాదు. తుపానునైనా తిట్టిపోసే నోరు. అలాంటివాడు ఆ చలికాలమంతా అరచేతంత దిక్సూచిని చూసి వణికిపోయాడంటే ఏమనుకోవాలి మరి!

బోటు వాళ్లన్న అప్పన్నది. కిందటేడు మంచు పట్టిన ఒక పొద్దున్న ఒంటరిగా వేటకెళ్లాడు. బోటు కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. ఇప్పుడు దాన్ని బైరాగి నడుపుతున్నాడు.

మంచులో బోటు మీది బ్యాటరీ దీపం వెలిగించగానే దిక్సూచి ముల్లు మెల్లగా పక్కకు తిరిగేది. అది చూపే దారినే పోతే నడిసముద్రమే. దీపం ఆర్పితే బుద్ధిగా ఉత్తరానికి వచ్చేసేది. వెలిగిస్తే మళ్లీ అటే.

"అన్న పిలుత్తన్నాడే అమ్మా," అన్నాడు ఇంటికొచ్చి.

"నోర్ముయ్యి! దిక్సూచి పెట్టె కింద నాను కట్టిన మేకుంది. ఇనుముంటే గాలీ ధూళీ దగ్గరికి రావు," అంది సన్యాసమ్మ.

బైరాగికి నిద్ర పట్టలేదు. ఈసారి మంచు పడితే ముల్లు చూపిన వైపే వెళ్లిపోవాలని గట్టిగా అనుకున్నాడు. అన్న ఒంటరిగా ఉన్నాడని గుండె పీకుతోంది.

మరుసటి సాయంత్రం అప్పన్న కూతురు ప్రవల్లిక ఒడ్డుకొచ్చింది. పదో తరగతి. చిన్నాన్న చెప్పిందంతా విని, బోటెక్కి దిక్సూచి పెట్టె కిందకు తొంగిచూసింది. దీపం తీగ పొడవెక్కువైందని, వేలాడకుండా అప్పన్న దాన్ని ఆ మేకుకే వరసగా చుట్టేశాడు.

ఆ పిల్ల తలలోని పిన్ను తీసి మేకు దగ్గర పెట్టింది. దీపం వేస్తే పిన్ను టక్కున అంటుకుంది. ఆర్పితే రాలిపోయింది.

"సూడు సిన్నాన్నా! మేకుకి తీగ సుట్టి కరెంటిత్తే అయస్కాంతమైపోద్ది. ఆపేత్తే ఉత్త మేకే. మా సైన్సు మేస్టారు మొన్నే సూపించారు. ముల్లు కూడా అయస్కాంతమే కదా, దాన్నిది లాగేత్తంది." నవ్వుతున్నదల్లా ఆగిపోయింది. "మరి... ఆ రోజు నాన్న కూడా దీపం యెలిగించే ఉంటాడు కదా?"

బైరాగి తీగ విప్పాడు. మేకు ఊడబీకి సముద్రంలోకి విసిరేశాడు.

మర్నాడు మళ్లీ మంచే. దీపం వేస్తే ముల్లు కదల్లేదు. సన్యాసమ్మ నీళ్లదాకా వచ్చి అడిగింది.

"మేకుందేట్రా?"

"ఉందే అమ్మా."

"దాన్ని తియ్యకు నాయనా. మీ అన్నని కాయనేదు. నిన్నైనా కాత్తది."