అనుమానాల పిన్ని కుట్టిన రెండు బొత్తాలు

మేడమీది ఆ కుట్టుపని హాల్లో నలభై మిషన్లు, వాటి మీద వంగిన నలభై తలలు. మూలన బొత్తాలు కుట్టే పిన్ని ఒక్కతే తల వంచుకుని కూర్చునే రకం కాదు. ఏ వైరు వేడెక్కినా, ఏ ఫ్యాను మూలిగినా లేచి వెళ్లి చూడాల్సిందే. అందరూ కలిసి అనుమానాల పిన్ని అని పేరు పెట్టారు. పెడితే పెట్టారులే, పేరుతో ఒళ్లు కాలుతుందా అనుకునేది.

కానీ ఆ నెలలో రెండుసార్లు ఉత్తపుణ్యానికి పని ఆపించింది. సూపర్‌వైజరుకి చిర్రెత్తింది.

"మూడోసారి కూడా ఇలాగే లేచావంటే ఇక పనికి రావద్దు పిన్నీ" అనేశాడు.

ఈ పని పోతే, ఆ వయసులో ఆవిడకి మరో పని ఎవరిస్తారు?

మర్నాడు మధ్యాహ్నం కమురు వాసన తగిలింది. పిన్ని చుట్టూ చూసింది. ఒకామె పక్కామె మొహం చూసి మళ్లీ మిషను తొక్కింది. ఆ పక్కామె కూడా అంతే. ఇంతమందికి లేని బాధ నాకెందుకు, ఇస్త్రీపెట్టె వాసనేమోలే అని పిన్ని కూడా బొత్తం అందుకుంది. రెండు బొత్తాలు కుట్టింది. ఆపైన చెయ్యి ఆడలేదు. పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకుని లేచింది.

ఇస్త్రీ బల్ల వెనక బట్టల కట్టల్లోంచి సన్నగా పొగ వస్తోంది. మహాతల్లి, కేకలు పెట్టలేదు. పదిమంది చేరితే పాము చావదని ఆవిడకి తెలుసు. అందరికీ చెబితే ఎవరికీ చెప్పనట్టే. అందుకే ఒక్కొక్కరి కళ్లలోకి చూసి చెప్పింది.

"కోడలుపిల్లా, నువ్వెళ్లి మెయిన్ స్విచ్ కట్టెయ్. కళ్లజోడు తమ్ముడూ, తలుపులు బార్లా తియ్. నువ్వమ్మా, ఆ కడుపుతో ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడు."

చివరి మనిషి మెట్లు దిగేసరికి పైన కట్టలు భగ్గుమన్నాయి. ఒక్కరికి కూడా వెంట్రుక కాలలేదు.

వీధిలో సూపర్‌వైజరు వచ్చి ఆవిడ ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"వాసన మాకూ వచ్చింది పిన్నీ."

"వచ్చినా కూర్చున్నారా?"

"అందరం నీ వంకే చూస్తున్నాం. నువ్వే లేవలేదు కదా, ఏమీ కాదులే అనుకున్నాం."

పిన్నికి ఆ రెండు బొత్తాలూ గుర్తొచ్చాయి.

"ఇకమీదట నన్ను కూర్చోమని మాత్రం అనకు నాయనా" అంది.