వేలంలో దొరికిన పెళ్ళికొడుకు

మిషిగన్‌లోని మా నోవైలో ఎవరైనా ఆన్‌లైన్ వేలంలో పాత సామాను కొనాలనుకుంటే ముందు విజయశ్రీ గారికి ఫోటోలు పంపుతారు. ఆవిడ డెట్రాయిట్ వైపు ఒక ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమున్నంత కాలం చీకటి గదిలో కూర్చుని ఊరివాళ్ళ ఊపిరితిత్తులూ మోకాళ్ళూ చూసిన కళ్ళు ఊరికే కూర్చోమంటే కూర్చుంటాయా? ఇప్పుడు గడియారాల కాళ్ళూ, ఇత్తడి చెంబుల అడుగులూ చూస్తున్నాయి.

నేను వాళ్ళ పక్క వీధిలో ఉంటాను. పేరు నళిని. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాను. అంటే తప్పులు వెతకడమే నా బతుకుతెరువు. అయినా ఒకసారి నేను ముచ్చటపడి చూపించిన దీపపు సెమ్మెల వేలాన్ని ఆవిడ కాఫీ చల్లారేలోగా చీల్చి చెండాడేశారు.

"ఈ ఫోటోలో నీడ ఎడమ పక్కకి పడింది. దీంట్లో కుడి పక్కకి. కింద కార్పెట్ వేరు, వెనక గోడ వేరు. ఇది ఒక ఇంటి సామాను కాదమ్మీ. నలుగురి ఫోటోలు ఎత్తుకొచ్చి ఒకచోట పెట్టినాడు."

"మరి అన్నీ ఎంత బాగున్నాయో చూడండి!"

"అదే కదా అనుమానం! నిజమైన ఇంట్లో చెత్త ఉంటుంది. మూతలేని టీపాట్, బౌలింగ్‌లో గెల్చిన కప్పు, ఎవరికీ అక్కర్లేని పింగాణి కుక్కపిల్ల. చెత్త లేని వేలాన్ని నమ్మకు."

నాకు ఒళ్ళు మండింది. ఆ సెమ్మెల మీద అంత ఆశ పెట్టుకున్నాను మరి. కొన్నాళ్ళకే ఆ వెబ్‌సైట్ అయిపూ అజా లేకుండా పోయింది. అప్పటినుంచి నోరు మూసుకుని ఆవిడ చెప్పినట్టే వింటున్నాను.

ఆవిడకి ఇంకో పట్టుదల ఉంది. ఒక్క వైపు నుంచి తీసిన ఫోటో చూసి ఏదీ తేల్చరు. రెండోవైపు ఫోటో పంపమని అమ్మేవాడికి మెయిల్ పెట్టిస్తారు. వస్తువు నిజంగా చేతిలో ఉన్నవాడు విసుక్కుంటూనైనా పంపుతాడు. లేనివాడు కథలు చెబుతాడు. ఎక్స్‌రే అయినా వేలమైనా ఒక్క వ్యూ చూడటమంటే చూడనట్టేనని ఆవిడ అనడం నేను ఎన్నిసార్లు విన్నానో.

ఇంతటి మనిషి ఒకే ఒక్క విషయంలో కళ్ళు మూసుకున్నారు. కూతురు గీతాంజలి చేసుకోబోయే అబ్బాయి అఖిల్ పొట్టి. మరీ పొట్టి కాదు. గీతాంజలి పొడుగు, వాళ్ళ నాన్న ఆరడుగుల దివాకర్ గారి పోలిక. అఖిల్ ఆ పిల్ల చెవి దాకా వస్తాడు. హనుమకొండ నుంచి వచ్చి ఇక్కడ కార్ల కంపెనీలో పనిచేస్తున్నాడు. మంచి పిల్లవాడు, వంట చేస్తాడు, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వింటాడు. ఇవన్నీ విజయశ్రీ గారే నాకు చెప్పారు. చెబుతూనే, నిశ్చితార్థంనాడు ఫోటోలకి అతన్ని స్టేజి మెట్టు మీద నిలబెట్టారు. ఫోటోగ్రాఫర్‌కి నడుం కిందికి తీయొద్దని చెప్పారు.

ఆల్బమ్ వచ్చాక గీతాంజలి ఒక్కొక్క ఫోటో చూసుకుంటూ వెళ్ళి, చివరికి మూసేసింది.

"అమ్మా, ఒక్క ఫోటోలో కూడా మా పాదాలు లేవు. నువ్వు అతన్ని హైడ్ చేస్తున్నావ్."

"అదేం లేదు బంగారూ, ఫ్రేమ్ బాగుంటుందని..."

"నీకు మా జత నచ్చలేదు. పెళ్ళికి ఆ డాల్స్ కూడా ఇవ్వద్దు నాకు."

ఆ బొమ్మల సంగతి చెప్పాలి. చిత్తూరు వైపు కొన్ని ఇళ్ళలో పెళ్ళికూతురికి ఎర్రచందనంతో చేసిన ఆలుమగల బొమ్మల జత ఇస్తారు. మరపాచి బొమ్మలంటారు. దసరా కొలువులో మొదట కూర్చోబెట్టేది వాళ్ళనే. చీర కట్టి, పంచె కట్టి, పూసలు వేసి చేసే ముస్తాబు చూడాలి. విజయశ్రీ గారి జత వాళ్ళ అమ్మమ్మ కాలం నాటిది. తిరుపతి నుంచి మిషిగన్ దాకా క్షేమంగా వచ్చింది. కిందటేడు బేస్‌మెంట్‌లో నీళ్ళొచ్చినప్పుడు మాత్రం శుభ్రం చేయడానికి వచ్చినవాళ్ళు తడిసిన పెట్టెలన్నీ బండికెత్తుకుపోయారు. పెళ్ళికూతురు బొమ్మకి కొత్త చీర కుడదామని ఆవిడ పైకి తెచ్చుకున్నారు కాబట్టి అది మిగిలింది. పెళ్ళికొడుకు పోయాడు.

కూతురు వద్దన్నాక ఆవిడకి ఇదే ధ్యాసైంది. ఆ జత పూర్తిచేసి చేతిలో పెడితే పిల్ల మనసు కరుగుతుందని నమ్మారు. ఆ బండివాళ్ళు పెట్టెలు పారేయకుండా పాతసామాను కొట్టుకి అమ్మి ఉండొచ్చని ఎవరో అనడంతో రోజూ వేలాలు గాలించడం మొదలుపెట్టారు.

ఒక శనివారం పొద్దున ఫోన్ చేశారు. "నళినీ, ఉన్నపళాన రా!"

వెళ్ళేసరికి ట్యాబ్లెట్ నా ముఖానికి ఆనించినంత పని చేశారు. టొలీడోలో ఏదో వేలం సంస్థ. కలగాపులగం సామాను. మూలన ఒక గోడ గడియారం, దాని వెనక నుంచి తొంగి చూస్తున్న ఒక చెక్కబొమ్మ తలపాగా.

"ఎవరో పేరు తెలియని కంపెనీ. మోసమేమో ఆంటీ" అన్నాను. కంగారు పడితే నాకు నోట్లోంచి ఆంటీ అనే వస్తుంది.

"మోసం కాదు. చూడు, అన్ని ఫోటోలకీ అదే బల్ల, అదే కిటికీ వెలుగు. ఇదిగో చిట్లిన గిన్నె, చిట్లిందని రాసినారు కూడా. పింగాణి కుక్కపిల్ల కూడా ఉంది! వచ్చి చూసుకోవచ్చని అడ్రస్ ఇచ్చినారు, కార్డ్ తీసుకుంటారు. రెండో వ్యూ అడిగినాను. ఇంకా రాలేదు."

వేలం మధ్యాహ్నం ముగుస్తుంది. ఆవిడ కూర్చోలేరు, నిలబడలేరు. దివాకర్ గారు ఇదంతా తన వల్ల కాదని గాల్ఫ్‌కి వెళ్ళిపోయారు. చివరికి మెయిల్ వచ్చింది. బొమ్మని తిరగేసి అడుగు భాగం తీసిన ఫోటో. కింద ఒక వాక్యం: అడుగున ఒక పక్కకి అరిగిపోయి ఉంది, దెబ్బతిన్న వస్తువు, గమనించగలరు.

విజయశ్రీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దెబ్బ కాదు అది. మాకు వాపులొస్తే అమ్మమ్మ ఈ బొమ్మనే సానరాయి మీద నీళ్ళేసి అరగదీసి పట్టు వేసేది. ఏ దొంగ చేయగలడమ్మీ ఇట్లాంటి అరుగుడు! నా పెళ్ళికొడుకే."

నిజం చెప్పాలంటే నేనే ఆ బిడ్ బటన్ నొక్కాను. ఇంకెవరూ పోటీకి రాలేదు. అడుగు అరిగిన బొమ్మ ఎవరిక్కావాలి?

మర్నాడు నేనే డ్రైవ్ చేశాను. విజయశ్రీ గారు పెళ్ళికూతురు బొమ్మని పట్టుగుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకొచ్చారు. దారంతా దానితో మాట్లాడుతున్నారేమోనని నాకు అనుమానం. వేలం సంస్థ అంటే ఒక పెద్ద షెడ్డు, అందులో తెల్లజుట్టు దొరసాని ఒకావిడ. మర్యాదగా బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. విజయశ్రీ గారు బ్యాగ్ తెరిచి పెళ్ళికూతుర్ని పక్కన నిలబెట్టారు.

పెళ్ళికొడుకు పెళ్ళికూతురి చెవి దాకానే వచ్చాడు.

అరుగుడు నిజమే. ఎర్రచందనమూ నిజమే. ఏ ఇంట్లోనో పిల్లల కోసం ఎవరో అమ్మమ్మ అరగదీసిందే. కానీ ఆవిడ ఇంటి పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి సమానంగా ఉండేవాడట, ఇతను అతను కాదు. ఆ అరుగుడు కనిపించిన సంబరంలో ఎత్తెంతని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. పక్కన స్కేలు పెట్టి తీయమని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎక్స్‌రేలు చూసిన ఆవిడకీ తట్టలేదు, తప్పులు వెతికే నాకూ తట్టలేదు.

మా ముఖాలు చూసి దొరసాని, ఇష్టం లేకపోతే వదిలేసి వెళ్ళండి, డబ్బు వెనక్కి ఇచ్చేస్తానంది. ఇతని జత ఏమైందని అడిగితే తెలియదంది. ఎవరో ముసలావిడ పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేశారట, అతను ఒక్కడే దొరికాడట.

"వేలం నమ్మదగ్గదేలే" అన్నారు విజయశ్రీ గారు నీరసంగా. "నా కన్నే తనకు కావల్సింది చూసుకునింది."

"ఇచ్చేద్దాం పదండి" అన్నాను.

ఆవిడ ఇవ్వలేదు. ఒక్కడినే మళ్ళీ ఆ గడియారం వెనక పెట్టడానికి చేతులు రాలేదట. పట్టుగుడ్డ తీసి ఇద్దర్నీ కలిపి చుట్టారు.

ఆ సాయంత్రం గీతాంజలీ అఖిలూ భోజనానికి వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోగా విజయశ్రీ గారు కొత్త బొమ్మకి పంచె కట్టారు, తలపాగా తుడిచారు. అంతటితో ఊరుకోవచ్చు కదా! వంటింట్లోంచి చిన్న చెక్కముక్క తెచ్చి అతని కాళ్ళ కింద పెట్టి, కనపడకుండా దాని మీదికి పంచె జార్చారు. ఇప్పుడు ఇద్దరూ సమానం. ఇదేంటని అడగాలని నాకు నాలుక దురద పెట్టింది.

గీతాంజలి వచ్చీ రాగానే బొమ్మల ముందు ఆగింది. తల్లి జరిగిందంతా చెప్పింది. ఇతను మనవాడు కాదనీ, పొరపాటున తెచ్చాననీ దాచకుండా చెప్పింది. పిల్ల వంగి పంచె కొద్దిగా ఎత్తి చూసింది.

"అమ్మా. మళ్ళీ మెట్టా?"

విజయశ్రీ గారి ముఖం కందిపోయింది. అఖిల్ ఒకసారి బొమ్మనీ, ఒకసారి గీతాంజలినీ చూసి పకపకా నవ్వాడు.

"ఆంటీ, నన్ను గూడ గిట్లనే ఎక్కిచ్చిన్రు గదా! ఆ మెట్టు మీద మస్తు భయమైంది నాకు, యాడ జారి పడతనో అని."

అతను నవ్వాడు కానీ గీతాంజలి నవ్వలేదు. తల్లి వైపే చూస్తోంది. నాకు ఆ పిల్లని చూస్తే జాలేసింది, తల్లిని చూస్తే ఇంకా జాలేసింది.

విజయశ్రీ గారు మెల్లిగా వెళ్ళి చెక్కముక్క లాగేశారు. పెళ్ళికొడుకు కొద్దిగా ఊగి, కిందికి దిగి, పెళ్ళికూతురి చెవి పక్కన నిలబడ్డాడు. ఆవిడ పంచె సర్ది, కాస్త వెనక్కి జరిగి చూశారు. ముందు నుంచి చూశారు. పక్కకి వెళ్ళి మళ్ళీ చూశారు.

"బాగున్నారు" అన్నారు. "బాగున్నారే గీతా. నేనే సరిగ్గా చూడలేదు."

గీతాంజలి ఏడుస్తూ తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

"ఈ జత నాకే ఇవ్వాలి" అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ.

"నీకు కాక ఇంకెవరికి?" అని విజయశ్రీ గారు అఖిల్ చెయ్యి పట్టుకుని తెచ్చి గీతాంజలి పక్కన, ఉత్త నేల మీద నిలబెట్టారు. తన ఫోన్ నా చేతిలో పెట్టారు.

"వెనక్కి జరుగు నళినీ. ఇంకా జరుగు. పాదాలు కూడా పడాల."