అక్క చేతులను కొలవని దర్వాజా

మా చిన్నప్పుడు మా అక్కకు ఒక్కటే కోరిక ఉండేది... ఎవరినీ పిలవకుండా తానొక్కతే స్నానానికి పోవాలని.

నవ్వకండి. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడిన పదిహేడేళ్ల ఆడపిల్లకు అదేం చిన్న కోరిక కాదు.

మా ఇల్లు సిరిసిల్లలో, పొద్దంతా సాంచాల చప్పుడు వినిపించే ఒక గల్లీలో. బాపు ఆ మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. అక్క ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. పెరట్లో స్నానాలు చేసే జాలారి దగ్గర పాత చీర అడ్డం కట్టి, అమ్మ అక్కను ఎత్తుకెళ్లి బండ మీద కూర్చోబెట్టేది. గోలెంలో నీళ్లు ముంచి పోసేది. గాలికి చీర లేస్తే అక్క కళ్లు మూసుకునేది... తాను చూడకపోతే ఎవరూ చూడరన్నట్టు.

ఒక వానాకాలం మా వెనక గోడ కూలింది. ఆ ఏడే ఏదో క్యాంపులో అక్కకు చక్రాల కుర్చీ ఇచ్చారు. గోడ ఎట్లాగూ కట్టాలి కదా, దానికి ఆనించి బాత్రూం కూడా కట్టిద్దాం అన్నాడు బాపు. ఆ పూట అక్క చుట్టిన బీడీలన్నీ వంకరే!

కోనరావుపేట నుంచి మల్లేశం మేస్త్రి వచ్చాడు. మంచి పనిమంతుడని పేరు. వాకిట్లో ఉన్న ఖాళీ కుర్చీకి టేపు పెట్టి, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా కొలిచాడు.

"ఇరవై నాలుగు అంగుళాలు. దర్వాజా ఇరవై ఆరు పెడితే మస్తు" అన్నాడు.

అర్రలో చాప మీద కూర్చున్న అక్క అక్కడి నుంచే అంది. "కాకా, నేను కూసున్నంక కొలువు జర. చక్రం తిప్పేటప్పుడు చేతులు బయటికి అస్తయి గద..."

"నీకెందుకు బిడ్డా, నేను ఇరవై యేండ్ల సంది గిదే పని జేస్తున్న."

"మేస్త్రికి తెల్వదా? నువ్వు సప్పుడు జెయ్యకు" అన్నాడు బాపు.

అక్క మళ్లీ బీడీ ఆకుల మీదికి వంగింది. రేకు ముక్క కొలతకు బీడీ ఆకులు కత్తిరించే పిల్ల అది... ఇంట్లో ఎవరికైనా కొలత తెలుసంటే దానికే తెలుసు. అయినా దాని మాట ఎవరిక్కావాలి?

పని అయిపోయింది. గోడలకు సున్నం వేశారు. కుర్చీ ఎక్కడానికి ముందర వాలుగా సిమెంటు పోశారు. అమ్మ కొత్త సబ్బు విప్పి ఇచ్చింది. అక్క ఒళ్లో తువ్వాల పెట్టుకుని, కొత్త పెళ్లికూతురులా సిగ్గుపడుతూ, చక్రాలు తిప్పుకుంటూ పోయింది.

కుర్చీ పట్టింది. చేతులు పట్టలేదు.

రెండు చేతుల వేళ్ల కణుపులూ చెక్కకు కొట్టుకుని తోలు లేచిపోయింది. చేతులు ఎత్తేస్తే కుర్చీ వాలు మీద వెనక్కి జారుతోంది. మూడుసార్లు ప్రయత్నించింది. నాలుగోసారి ప్రయత్నించలేదు.

మల్లేశం మేస్త్రి ముఖం చిన్నబోయింది. "తప్పు నాదే. ఒక్క దినం ఇయ్యండ్రి, ఇటు పక్క పలగ్గొట్టి పెద్దగ జేస్త" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన్ను ఏమీ అనలేను నేను.

వద్దన్నది మా బాపు. "గిప్పుడే సున్నమేసినం. మల్ల పలగ్గొట్టుడా? ఎవలన్న ఎనకకెళ్లి జర నూకితె అయిపాయె!"

ఆ వెనక నుంచి తోసే మనిషిని నేను. తొమ్మిదేళ్ల చెల్లెల్ని.

నిజం చెప్పాలంటే... గల్లీలో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే అక్క పిలుపు వినిపించేది. విననట్టే ఉండేదాన్ని. రెండుసార్లు పిలిచి ఊరుకునేది. కొన్నాళ్లకు పగలు మంచినీళ్లు తాగడం మానేసింది. "ఎండల గూడ తాగవేందే?" అని అమ్మ అడిగితే "దూప లేదు" అనేది. దూప ఎందుకు లేదో నాకు తెలుసు... తాగితే బాత్రూంకు పోవడానికి మళ్లీ నన్ను పిలవాలి. తెలిసీ ఆట మానలేదు.

మా ఇంట్లో మాత్రం పండుగకూ పబ్బానికీ మేస్త్రిని తిట్టేవాళ్లం. "వాడు సక్కగ కొలిస్తే మన పిల్లకు గీ తిప్పలు ఉండకపోవు" అని. తప్పు ఆయన మీద తోసేస్తే మాకు అన్నం అరిగేది మరి!

అట్లా పద్దెనిమిదేళ్లు.

నేను పెళ్లయి కోరుట్లకు వచ్చేశాను. పోయిన ఏడాది బాపు సాంచాల దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, వాకర్ పట్టుకుని నడవమన్నారు. వాకర్ పట్టుకున్న బాపు ఆ బాత్రూం దర్వాజాలో పట్టలేదు.

మర్నాడే కొత్త మేస్త్రి వచ్చాడు. చూడటానికి పోయిన నేను అక్కడే ఉన్నాను. బాపు వాకర్ పట్టుకుని నిలబడి, మోచేతులు రెండూ బయటికి చాపి, "ఉత్త వాకర్ గాదు... నన్ను పట్టి కొలువు" అని మరీ కొలిపించుకున్నాడు. పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికి అయిపోయింది.

అక్క కుర్చీలో కూర్చుని ఆ దర్వాజా వైపే చూసింది.

"ఒక్క దినం పనేనా బాపూ, గిది?" అంది.

బాపు వాకర్ తిప్పుకుని అర్రలోకి పోయాడు. నేను కింద పడ్డ పెళ్లలు ఏరడం మొదలుపెట్టాను.

సిమెంటు ఆరాక, రెండు రోజులకు, అక్క మొదటిసారి ఒక్కతే లోపలికి పోయింది. నేను అలవాటుగా వెనకాలే పోయి కుర్చీ పట్టుకోబోయాను. "ఇడువు" అంది. తలుపు వేసుకుంది. లోపల గొళ్లెం పడింది. నల్లా చప్పుడు చాలాసేపు వినిపించింది... దానికి అప్పటికి ముప్పై అయిదేళ్లు.

ఇప్పుడు మేస్త్రులు టేపు బదులు లేజరు ఎర్ర లైటు వేసి, నూలు పోగంత తేడా లేకుండా గోడలు కొలుస్తున్నారు. అయినా ఆ ఇంట్లో తిరిగే మనిషిని అడుగుతున్నామా?

మీ ఇంట్లోనూ ఎవరినీ అడగకుండా పెట్టిన తలుపు ఉంటే కింద రాయండి... కానీ ముందు లేచి, ఆ మనిషికి ఆ తలుపు పడుతోందో లేదో అడిగి రండి.