తెల్లగీత మీద చాంద్

చాంద్‌కు పక్కన ఏముందో కనిపించదని నాకు తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ నేను వాణ్ని రోజూ తిట్టాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే అన్నం సహించదు.

నా పేరు మారెన్న. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాను. పొద్దున ఏడింటికల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో లేకపోతే లోడు మధ్యాహ్నానికి గానీ దొరకదు. ఆ తొందరలో పోతుంటే, రోడ్డు అంచున వేసిన తెల్లగీతను పట్టుకుని నా ముందు ఒక సైకిల్ పోతూ ఉండేది. గళ్ల చొక్కా, తలకు తువ్వాలు, వెనక క్యారియర్ మీద దబ్బనాలూ పురికొసా ఉన్న గోనెసంచి. మా ప్రాంతంలో లారీ హారన్ వినగానే సైకిలువాడు మట్టిలోకి దిగాలి. అది మర్యాద, రూలు కన్నా గట్టిది. చాంద్ దిగేవాడు కాదు. వెనకాలే చేరి గట్టిగా మోగిస్తే హ్యాండిల్ వణికేది గానీ గీత మాత్రం వదిలేవాడు కాదు. నేను తల బయటపెట్టి, "ఏమప్పా, రోడ్డు మీ మామ రాసిచ్చినాడా? గుడ్డెద్దు చేలో పడినట్టు పోతాండావు" అని అరిచి దాటిపోయేవాణ్ని.

తిట్టిన నోటితోనే గంట తర్వాత వాడితో కబుర్లు చెప్పేవాణ్ని. ఎందుకంటే లారీల మీద కప్పే పట్టలు కుట్టడంలో చాంద్‌ను మించినవాడు ఎర్రగుంట్లలో లేడు. సిమెంటు మీద వాన పడితే మూట రాయి అయిపోతుంది, కాబట్టి మాకు పట్టే ప్రాణం. మోకులూ పట్టలూ అమ్మే అనంతయ్య శెట్టి అంగడి వసారాలో కూర్చుని, చిరిగినచోట అతుకు వేసి, వాడు కుట్టాడంటే చుక్క నీరు దిగదు. వసారాలో వాడు నాకు తమ్ముడు, రోడ్డు మీద శత్రువు. పొద్దుటి తిట్లు గుర్తు చేస్తే నవ్వి ఊరుకునేవాడు. వయసులో ఉండగా పదేళ్లు లారీ క్లీనరుగా చేశాడు. రాత్రి ప్రయాణాలు పడవని మానేశాడట. భయస్థుడని మేమంతా వెనక నవ్వుకున్నాం.

పోయిన ఎండాకాలం ఒకరోజు టీ తెచ్చి గ్లాసు వాడి కుడి మోకాలి పక్కన పెట్టాను. తాగమన్నాను. వాడు ఎదురుగా చూస్తూనే చేత్తో నేల తడిమాడు. చెయ్యి గ్లాసుకు తగిలి టీ అంతా పట్ట మీద ఒలికిపోయింది.

"కండ్లు నెత్తికెక్కినాయారా?" అన్నాను నవ్వుతూ.

"నెత్తికి కాదన్నా, మూసుకపోతాండాయి" అన్నాడు చాంద్.

నాకు నవ్వు ఆగిపోయింది. వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "బోరు పైపు ముక్కలోంచి చూసినట్టుంటాది. ముందర ఉండేది బాగా అగుపిస్తాది. పక్కన ఉండేది లేదు, కాళ్లకింద ఉండేది లేదు. మొదట రేచీకటి అనుకున్యా. లారీ పని మానేసింది అందుకే. కర్నూల్లో కండ్ల డాక్టరు దీనికి మందు లేదనె."

"మరి సైకిల్ ఎందుకెక్కుతావు?"

"ఆ పొద్దుకు మా పల్లెకు బస్సు యాడిది? నడిస్తే గుంతల్లో పడతాండా. గీత తెల్లగా ఉండాది, దాన్ని పట్టుకుని వస్తా." అప్పుడు అసలు మాట చెప్పాడు. "నువ్వు వెనకాల చేరి హారన్ కొడతావు సూడు, అప్పుడే నా పానం పోతాది. లారీ ఎంత దూరముండాదో తెలీదు. మట్టి ఎంత లోతుండాదో తెలీదు. దూరం నుంచి ఒక్కసారి కొట్టన్నా, చాలు. పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా ఇడిసి పో. నేను గీత దాటను."

ఇన్నేళ్లలో ఒక్క పొద్దునైనా వాడు నా అరుపుకు జడిసి మట్టిలోకి దిగి, అక్కడ తూలి పడి ఉంటే, నా వెనక చక్రాల కిందికే వచ్చి ఉండేవాడు. గుడ్డెద్దు అన్నానే, ఆ మాట నన్నే వచ్చి తగిలింది. రోడ్డు మీద నిజంగా చూపు లేకుండా పోయింది నేనే.

"ఎవురికీ చెప్పొద్దన్నా. శెట్టికి తెలిస్తే కుట్టుపని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పని పోతే నేను బతకలేను" అని చెయ్యి పట్టుకున్నాడు. ఒట్టు పెట్టాను. ఆ రోజు నుంచి దూరం నుంచే ఒక్క హారన్ కొట్టి, బాగా జాగా వదిలి పోయేవాణ్ని. నా వెనక వచ్చే లారీలవాళ్లకు మాత్రం ఏమీ చెప్పలేదు. వాళ్లు నేను తిట్టినట్టే తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. ఒట్టు కదా.

ఆషాఢంలో ఒక పొద్దున, తెల్లగీత మీద యథాప్రకారం సైకిల్ పోతోంది. నేను వంద గజాలు వెనక ఉన్నాను. లారీ ఎత్తులోంచి చూస్తే ముందర రోడ్డు అంచు తెగిపోయి కనిపించింది. మోరీ కోసం ముందురోజు సాయంత్రం ఎవరో తవ్వి, కంపకొమ్మకు ఎర్రగుడ్డ కట్టి పోయారు. కొమ్మ గాలికి పడిపోయి ఉంది. గీత నేరుగా ఆ గుంతలోకే పోయి అవతల మళ్లీ మొదలవుతోంది, ఆ దూరపు గీత మీదే చూపు పెట్టి చాంద్ పోతున్నాడు. కుడిపక్క రోడ్డంతా ఖాళీ. బ్రేకు తొక్కి, తల బయటపెట్టి నా శక్తంతా పెట్టి అరిచాను.

"చాందూ, రైట్! రైట్ రైట్!"

వాడికి వినబడింది. వెనక్కి తిరక్కుండానే సరే అన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఎత్తి, ఇంకా జోరుగా తొక్కాడు. ఆ తర్వాత రోడ్డు మీద సైకిల్ లేదు.

లారీలో పదేళ్లు క్లీనరుగా చేసినవాడికి "రైట్ రైట్" అంటే ఒకటే అర్థం. దారి బాగుంది, పోనీ అని. ఆపాలంటే "హోల్డాన్" అంటారు. ఇరవై ఆరేళ్లు స్టీరింగు పట్టినవాణ్ని, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కుడి అనే మాట నోటికి రాలేదు, ఆగమనే మాటా రాలేదు. వాణ్ని కాపాడాలని అరిచి, నా నోటితోనే గుంతలోకి తోలాను.

గుంత రొమ్ములోతు ఉంది. చాంద్ ఎడమచేతి మీద పడి ఉన్నాడు, నుదుటి నుంచి రక్తం కారుతోంది. నన్ను చూసి, "నువ్వే గదన్నా రైట్ అన్నావు?" అన్నాడు. నిష్ఠూరం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నేను ఆ మట్టిలో కూలబడి ఏడ్చాను.

ఆసుపత్రిలో చెయ్యి రెండుచోట్ల విరిగిందన్నారు. వాడి భార్య ఫిరోజా వచ్చి, ఏడవకుండా, "ఆ సైకిల్‌ను ఈ పొద్దే పాతసామాన్లోనికి ఏసేస్తా" అంది. చాంద్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. సైకిల్ పోతే వసారా పోయినట్టే, వసారా పోతే వాడి బతుకు పోయినట్టే. అది ఆమెకూ తెలుసు.

మధ్యాహ్నం అనంతయ్య శెట్టి వచ్చాడు. చాంద్ బాగున్న చేత్తో నా వేలు నొక్కాడు, చెప్పొద్దని. "కంట్లో దుమ్ము పడినాది శెట్టీ, అందుకే..." అని మొదలుపెట్టాను.

"గమ్మునుండు మారెన్నా" అన్నాడు శెట్టి. "వాని కండ్ల సంగతి నాకు నాలుగేండ్లుగా తెలుసు. అయిదు కొడితే చాలు, పని చాలించి ఇంటికి పొమ్మనేది ఏమిటికనుకున్యావు? చీకటి పడితే పోలేడని. మా ఇంటామె రాజ్యలక్ష్మమ్మ పొద్దున్నే వసారాలో చెంబూ చేటా లేకుండా తీసేది వాని కాళ్లకు తగుల్తాయని."

చాంద్ లేచి కూర్చోబోయాడు. "నీకు తెలుసా శెట్టీ?"

"మన వీధికంతా తెలుసు. నువ్వు బాధపడతావని ఎవురూ అనలేదు" అంది ఫిరోజా నెమ్మదిగా.

"మరి తెలీనోళ్లు ఎవురు?" అని అడిగాడు చాంద్.

"లారీలోళ్లు" అన్నాను నేను. అన్నాక గానీ ఆ మాట అర్థం నాకు తట్టలేదు. దయగల మనుషులం, మర్యాద తెలిసినవాళ్లం, అందరం కలిసి ఆ సంగతిని ఎంత భద్రంగా దాచామంటే, ఎవరికి తెలిస్తే వాడి ప్రాణం నిలుస్తుందో వాళ్లకు తప్ప అందరికీ తెలుసు. నా మీద నాకు, శెట్టి మీద, ఆ వీధి మీద, చాంద్ మీద కూడా కోపం వచ్చింది.

"శెట్టీ, పసుపుపచ్చ పట్ట ముక్కొకటి ఇయ్యి" అన్నాడు చాంద్. "మారెన్నా, దాని మీద రాయించు. చెయ్యి బాగైనాక సైకిలెనక కట్టుకుంటా. నాకు పక్కలు అగుపడవు. దూరం నుంచి ఒక్క హారన్ కొట్టు. జాగా ఇడిసి పో. అంతే రాయించు."

నేను ఫిరోజా వైపు చూశాను. సైకిల్ ఉండేదీ పోయేదీ ఆమె మాట మీదే ఉంది. ఆమె పైటకొంగుతో చాంద్ నుదుటి కట్టు పక్కన ఎండిన రక్తం తుడిచింది.

"పెద్దచ్చరాలతో రాయించన్నా" అంది. "నీకు కూడా అగుపించేంత పెద్దగా."