పెళ్లి పత్రికలతో సర్కారు ఫైళ్లు

కామాటిపుర పదకొండో గల్లీలో ఒక పాత చాలు, వరసగా ఒంటిగదులుండే మేడ. దాని రెండో అంతస్తు వరండా పొడుగునా తీగ కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి, తన చేత్తో తయారుచేసిన కాగితాలను ఆరేసింది భూదేవి. సాయంత్రానికి తడి ఆరింది. ఆరాక చూస్తే, బూడిద రంగులో ఉండాల్సిన కాగితాల మీద ఎర్రెర్రని మచ్చలు. ఒకదాని మీద తమలపాకంత, ఇంకోదాని మీద అరచేయంత.

ఆమెతో పాటు పనిచేసే అంజమ్మ, వయసులో పెద్దది, మాటలో ఇంకా పెద్దది, ఒక కాగితాన్ని వెలుగుకు పట్టి చూసింది.

"ఏమే భూదేవీ, సర్కారుకు ఫైళ్లు పంపుతున్నమా, పెండ్లిపిల్లను పంపుతున్నమా? పారాణి పెట్టినట్టున్నయి గదనే."

భూదేవికి నవ్వు రాలేదు. ఈ కాగితాలతో కుట్టిన ఫైలు అట్టలను సోమవారం ఒక సర్కారీ ఆఫీసుకు నమూనాగా పట్టుకెళ్లాలి. నచ్చితే ఆరుగురు ఆడవాళ్లకు ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే, ఈ పనికి గది ఇచ్చిన చాలు సంఘం వాళ్లు దాన్ని వెనక్కి తీసుకుంటారు. అప్పుడు భూదేవి మళ్లీ పరాయి ఇళ్లలో అంట్లు తోముకోవాల్సిందే.

కాగితం ఆమెకు కొత్త కాదు. తాత పాలమూరు నుంచి రాళ్లెత్తే పనికి వచ్చాడు. తండ్రి కూడా తట్ట మోశాడు. తల్లి మాత్రం పాత పేపర్లు తెచ్చి, మైదా జిగురు కాచి, కిరాణా కొట్లకు పొట్లాలు అంటించేది. భూదేవికి ఊహ తెలిసేసరికే వేళ్లకు జిగురు అంటుకుని ఉంది. తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ వద్దనలేదు. ఓ ఏడాది కొట్టువాళ్లు పొట్లాలు అడగడం మానేశారు, అంతే. పెళ్లయ్యాక, గోడలకు సిమెంటు గిలాబు కొట్టే భర్త సైదులు సంపాదన చాలక, ఆమె ఫ్లాట్లలో గిన్నెలు తోమింది. ఆ సబ్బునీళ్లకు వేళ్ల సందులు పాసిపోయి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట పుట్టేది.

కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ సంచుల మీదే నిషేధం వచ్చింది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అన్నారు. పొడి చెత్తలో అంత కాగితం చూసి భూదేవి ఆగలేకపోయింది. బచత్ గట్ అనే పొదుపు సంఘం ఆడవాళ్లను పోగేసింది. కాగితాన్ని నానబెట్టి, రుబ్బి, నీళ్ల తొట్టిలో కలిపి, జాలీ చట్రంతో పైకి తీసి, గుడ్డ మీద బోర్లించి ఆరబెట్టే పని దాదర్‌లో ఒక శిబిరంలో నేర్చుకొచ్చింది. అదే సమయానికి ఆ సర్కారీ ఆఫీసులో ఒక నియమం పెట్టారు: ఇకమీదట ఫైలు అట్టలూ లిఫాఫా కవర్లూ వాడిన కాగితంతో తిరిగి చేసినవే కొనాలి. ఆ సంగతి ఫోన్‌లో చదివి చెప్పింది కింది గదిలో ఉండే సపన. కాలేజీ పిల్ల, తెలుగు సగం, మరాఠీ సగం.

ఇప్పుడు ఆ సపనే కాగితాలకు ఫొటోలు తీస్తూ, మరాఠీలో పిన్నిని పిలిచినట్టు పిలిచి అడిగింది. "మౌశీ, ఈసారి కొత్తగ ఏం కలిపిన్రు?"

"ఏం కలుపలే బిడ్డా. పెండ్లి పత్రికలు ఎక్కువేసిన. మందంగ ఉంటయని."

ఆ మాట నోట్లో ఉండగానే భూదేవి చెయ్యి నుదుటికి పోయింది.

పెళ్లి పత్రికలు ఆమే ఇల్లిల్లూ తిరిగి తెచ్చింది. దేవుడి బొమ్మ ఉన్న పత్రికను కచరా డబ్బాలో వేయడానికి ఎవరికీ చేయి రాదు. పెట్టెల కింద, అటకల మీద ఏళ్ల తరబడి పడి ఉంటాయి. "కచరాల పడనియ్య, మల్ల కాగితమే చేస్త" అని మాటిచ్చి మరీ తెచ్చింది. మనవాళ్ల పత్రిక అంటే నాలుగు మూలలా పసుపు ఉండాల్సిందే. సిరా వదలడానికి ఆమె తొట్టిలో బట్టల సోడా వేసింది. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో, సోడా కలిపినా అదే.

"ఎర్రనీళ్లు," అంది అంజమ్మ మెల్లగా. "పుట్టినప్పటి సంది దిష్టి తీస్తున్నం. తొట్టిల ఏస్తుంటే ఒక్కదానికన్న యాదికి రాలే."

"నువ్వు పక్కనే ఉంటివి గదక్కా."

"నేనుంటి. నా బుద్ధి లేదు."

ఫాక్‌లాండ్ రోడ్డులో కాగితాల దుకాణం నడిపే హితేష్ భాయ్, ఈ సంగతి విని, చేత్తో చేసినట్టే కనిపించే మిల్లు కాగితం చూపించాడు. కొత్త గుజ్జుది, మీగడ రంగు, ఒక్క మచ్చ లేదు. నమూనాకు ఇదిచ్చి, తర్వాత మీది ఇచ్చుకోండి, ఎవరు చూస్తారు అన్నాడు. సపనకు నచ్చింది.

"ఒక్కసారికే గద మౌశీ. పాస్ అయితే చాలు."

భూదేవి ఆ కాగితాన్ని నిమిరి చూసింది. నున్నగా ఉంది, ఇష్టంగానే ఉంది.

"ఒక్కసారి గిది చూపెడితే రోజూ గిదే అడుగుతరు. అప్పుడు రోజూ ఈయన దగ్గర కొని అటియ్యాలె. ఇగ మనం చేసేదేముంది, మోసుడా? మా నాయన మోసిండు, సాలు."

సోమవారం మచ్చల అట్టలే పట్టుకుని భూదేవీ సపనా బస్సెక్కారు.

ఆఫీసులో సామాను కొనుగోలు చూసే తుషార్ సాహెబ్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. అట్టను మడిచాడు, విప్పాడు, చిల్లు పొడిచి నాడా కట్టి లాగాడు. చిరగలేదు. ఎరుపు ఎందుకొచ్చిందని మరాఠీలో అడిగితే, భూదేవి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఒక మచ్చ మీద వేలు పెట్టాడు.

"మౌశీ, మా దగ్గర ఎర్ర అట్ట అంటే అర్జంటు. ఇవి పెడితే ప్రతి ఫైలూ అర్జంటే అనుకుంటారు. ఆ తర్వాత నిజంగా అర్జంటైనదాన్ని ఎవరూ ముట్టరు."

"తెల్లగ ఉండాల్నా సాహెబ్?"

"తెల్లగానే ఉండాలని నియమంలో లేదు. పాత కాగితంతో చేసిందై ఉండాలి, గట్టిగా ఉండాలి, రంగు అన్నిటికీ ఒకేలా ఉండాలి. ఇవి తీసుకోలేను. నెలాఖరుకు ఇంకోసారి తీసుకురండి."

తిరిగొచ్చాక భూదేవి కత్తెర తీసింది. మిగిలిన పత్రికల పసుపు మూలలు కత్తిరించేస్తే సరిపోతుందనుకుంది. అంజమ్మ కత్తెర లాక్కుంది.

"పసుపు అంటిన కాడ కత్తెర పెడుతవా? ఎవరి సంసారాలో ఏమో. నాతోని కాదు, నిన్ను పెట్టనియ్య."

మిగతా నలుగురూ అంజమ్మ వైపే నిలబడ్డారు. పత్రికలు వేయకపోతే అట్టకు మందం రాదు. వెనక్కిద్దామంటే మాటిచ్చి తెచ్చినవి. మూటలు గదిలో ఓ మూల అలాగే ఉండిపోయాయి. రోజులు పోతున్నాయి.

దారి చూపింది సైదులు బనీను. దాని మీద పప్పు మరక. భూదేవి ఎంత రుద్దినా పచ్చగా ఉండిపోతే విసుగొచ్చి అలాగే డాబా మీద ఎండలో పడేసింది. సాయంత్రం తీయబోతే మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. బనీను చేత్తో పట్టుకునే గదికి దిగింది.

"అక్కా, కోసుడు లేదు గీసుడు లేదు. సూర్యుడే తీసుకుంటడు పసుపు. నీకేమన్న తకరారా?"

అంజమ్మ బనీను అటూ ఇటూ తిప్పింది. "సూర్యునితోని నాకేం తకరారు? గని దీన్ని నా మొఖం మీంచి తియ్యి."

మర్నాటి నుంచి డాబా నిండా పెళ్లి పత్రికలే. గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి. చాలు జనమంతా ఏదో వంకతో పైకొచ్చారు. కూర్చుని పేర్లు చదివారు. "ఈ పెండ్లిల పప్పు మాడింది" అని ఒకరంటే, "మాడింది మీ తమ్ముని పెండ్లిల" అని ఇంకొకరు. పెంటమ్మ అనే ముసలమ్మ తన కొడుకు పత్రికను గుర్తుపట్టి, ఎండ తగిలేలా దాన్ని తనే మళ్లీ మళ్లీ తిప్పింది. నాలుగైదు రోజులకు మూలలు వెలిసిపోయాయి. వాటిని తొట్టిలో వేసి సోడా పోసేటప్పుడు ఆరుగురూ వంగి చూశారు. నీళ్లు బూడిద రంగులోనే ఉన్నాయి.

ఈసారి తుషార్ సాహెబ్ అట్టలను పేకముక్కల్లా పరిచి చూశాడు. అన్నీ ఒకే తీరు, వాన రాబోయే మబ్బు రంగు. నాడా కట్టి లాగాడు, తల ఊపాడు. ఆర్డరు ఆ వారమే వచ్చింది. అనుకున్నంత పెద్దది కాదు, చిన్నదీ కాదు. సంఘం వాళ్లు గది ఉంచారు.

ఆ సాయంత్రం భూదేవి మెట్ల మీద కూర్చుని లెక్క వేసుకుంటోంది, డబ్బు కాదు, కాగితం.

"అక్కా, ఈ ఏడు ముహూర్తాలు మస్తుగున్నయా?"

"మస్తుగున్నయి," అంది అంజమ్మ. "గని ఇప్పటి పోరగాండ్లు పత్రికలేడ కొట్టిస్తున్నరే? ఫోన్ల పంపుతున్నరు. నిన్న నాకొకటొచ్చింది, పాట గుడ పాడింది. దాన్ని నానబెడుతవా?"

భూదేవి లేచి నిలబడింది. కొత్త పెళ్లిళ్లు లేకపోతే పాత పెళ్లిళ్లే. తన గల్లీ అటకలు అయిపోయాయి గానీ, పక్క గల్లీలో ఇంకా ఒక్క తలుపూ తట్టలేదు. సంచి దులిపి భుజాన వేసుకుంది.

"నడువక్కా. చీకటి పడకముందు రెండు ఇండ్లన్న చూద్దాం."

"మోకాళ్లు నొస్తున్నయే," అంటూనే అంజమ్మ చెప్పులు వెతుక్కుంది.