మీసాలు వచ్చిన కట్లా

నన్ను చులకన చేసినవాళ్లను నేను మరిచిపోను. ఎనభైల నడుమ ధర్మపురి దగ్గర ఒక చేపల కేంద్రంలో ప్రయోగశాల సహాయకుడిగా ఉండేవాణ్ణి. అక్కడ చెరువు పని చూసే పెద్దాయన ఏరియూరు మనిషి, మాలాగే ఊళ్లో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ఒకరోజు గుడ్లు తీయడానికి తెచ్చిన ఆడ కట్లా చేప నా చేతుల్లోంచి జారి బురదలో పడింది.

"చేపను పట్టను చేతకాదు, దాని లోపలుండే క్రోమోజోములు లెక్కపెడతాడంట ఈయప్ప!" అన్నాడాయన. కూలీలు నవ్వారు. పక్కనే ఉన్న అధికారి కూడా నవ్వాడు. ఆ నవ్వు తప్పేనని ఇప్పటికీ అంటాను.

కొన్నాళ్లకు కట్లా పిల్లల తొట్టిలో వింత కనబడింది. మొదట్లో అన్నీ తల్లిలాగే ఉన్నాయి. పెరిగేకొద్దీ కొన్నిటికి మూతి దగ్గర మీసాలు వచ్చాయి. కట్లాకు మీసాలుండవు, అక్కడే పెంచే బంగారుతీగ చేపకు ఉంటాయి. తండ్రి గుణం ఆలస్యంగా బయటపడిందన్నమాట. మగచేపలను పట్టి ఇచ్చేది పెద్దాయన. తప్పు మగచేపను ఇచ్చాడని వెంటనే ఫిర్యాదు రాశాను.

"కండ్లు మూసుకొని తడిమినా కట్లా తల నాకు తెలుస్తాది సారూ. నేనిచ్చింది కట్లానే," అన్నాడు అధికారితో.

రుజువు చూపిస్తానన్నాను. మీసాలున్న పిల్లలను ఏరి, కణాలు విడిపోకుండా ఆపే మందు ఎక్కించి, గాజుపలకల మీద రంగు వేసి లెక్కపెట్టాను. కట్లాకు యాభై క్రోమోజోములు, బంగారుతీగకు వంద. వీటిలో డెబ్బై ఐదు. తల్లి సగం, తండ్రి సగం. అధికారి సూక్ష్మదర్శినిలో చూసి నా భుజం తట్టాడు. రోజుకూలీ కాబట్టి పెద్దాయనను మర్నాటినుంచి రావద్దన్నారు.

తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తూ నా దగ్గర ఆగాడు. "మీసాలు లేనివి కూడా లెక్కపెట్టినావా అప్పా?"

"నీకెందుకు?" అన్నాను.

ఆ ప్రశ్న వారం రోజులు పీడించింది. చివరికి మీసాలు లేనివి తీసి లెక్కపెట్టాను. యాభై. ఇంకొకటి, యాభై. తొట్టిలో ఎక్కువ భాగం అవే. తప్పు మగచేపే ఇచ్చి ఉంటే ఒక్కదానికీ యాభై రాకూడదు.

అప్పుడు కోడి ఈక గుర్తొచ్చింది. గుడ్లను, మగచేప వీర్యాన్ని కలిపేది ఈకతోనే. ఈ తొట్టి పిల్లల కోసం గుడ్లు కలిపిన ఉదయం, బంగారుతీగ వీర్యం అంటిన ఈకను నేనే లుంగీకి తుడిచి, కొత్తది తెచ్చే ఓపిక లేక, కట్లా గుడ్లలో పెట్టి తిప్పాను.

బస్సు కండక్టర్ మీద, రేషన్ షాపు మీద, నాకు కుర్చీ ఇవ్వని గుమాస్తా మీద ఎన్ని అర్జీలు రాశానో! దీనికి మాత్రం కాగితం తీసి, తేదీ వేసి, చించేశాను. యాభై కనబడిన గాజుపలకలను కడిగేశాను.

కొన్నేళ్ల తర్వాత పాపిరెడ్డిపట్టి బస్సులో ఆయన కనబడ్డాడు. చేతులకు సిమెంటు అంటి ఉంది. నన్ను గుర్తుపట్టి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూర్చో అప్పా. ఆ మీసాల్లేనివి లెక్కపెట్టినావా ఆ పొద్దు?"

"లేదు," అన్నాను.

ఆయన తలూపి కిటికీవైపు తిరిగాడు. నేను దిగాల్సిన ఊరు ఇంకా చాలా దూరంలో ఉంది.