జామకాయలు కాదు, ఝామా

నిన్న మనవరాలు మడమలు రుద్దుకునే రాయి కొనితెచ్చి బకెట్లో వేసింది. రాయి తేలింది. తడిసిన రాతి వాసన తగలగానే కలకత్తా ఖిదిర్‌పూర్ బజారులో గోనెపట్టా పరిచి కూర్చునే రాహేలమ్మత్త గుర్తొచ్చింది.

మా ఆయనకు రేవులో పని దొరికాక, పెళ్ళయిన కొత్తలో అక్కడికి వెళ్ళాను. పక్క గదిలో ఉండే రాహేలమ్మ చుట్టమేమీ కాదు, పిలుపుతోనే అత్త అయింది. ఇలాంటి రాళ్ళే అమ్మేది. నన్ను తోడు తీసుకెళ్ళిన మొదటిరోజే ఒక బెంగాలీ ముసలమ్మ వచ్చి, "ఝామా ఆఛే?" అంది, ఉందా అని. జామకాయలు కాబోలనుకుని పక్క బండి నుంచి నాలుగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

"తినీసి రుద్దుకోమనే," అంది అత్త నవ్వుతూ. ఝామా అంటే బట్టీలో మాడి గుల్లబారిన ఇటుకట.

నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. మళ్ళీ చదివింది ఆ రాళ్ళనే. అన్నీ తేనెపట్టులా చిల్లులే. తేలికగా ఉండి నీట తేలితే నురగరాయి. మునిగిపోయి, గీరితే ఎర్రపొడి రాలితే ఝామా. వాటిలో ఒక్కోసారి ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం కలిసి వచ్చేది. బరువుగా ఉంటుంది, అంచులు గాజుపెంకులే.

"కన్నాలు సూసి మోసపోకే గుంటా. నీ ముంజేతి మీద రుద్ది సూసినాకే ఇయ్యి," అనేది అత్త.

ఎర్రజెండాల ఊరేగింపుతో ట్రాములు ఆగి, బజారు కిక్కిరిసిన ఒక సాయంత్రం అత్త నీళ్ళకు వెళ్ళింది. ఆ ముసలమ్మే వచ్చింది. తొందరలో రుద్ది చూడకుండానే ఒక రాయి ఇచ్చేశాను. మర్నాడు ఆవిడ మడమకు గుడ్డ కట్టుకుని కుంటుతూ వచ్చింది. నేనిచ్చింది చిట్టెం. ఆవిడ షుగరు మనిషి. పుండు ముదిరితే కాలే పోవచ్చని చెప్పింది.

ఎవరిచ్చారని అత్త అడగలేదు. తప్పు తనదేనని బెంగాలీలో చెప్పింది. అది మానేదాకా రోజూ నన్ను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళి, కింద కూర్చుని వేడినీళ్ళతో ఆ కాలు కడిగేది. గిన్నె పట్టుకోవడమే నా పని. పుండు పూర్తిగా మానిన రోజు ముసలమ్మ నా కొంగులో నాలుగు జామకాయలు పోసి, "ఝామా," అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

దారిలో అడిగాను, నన్నెందుకు పొమ్మనలేదని.

"రుద్ది సూడమన్నాను గాని, ఎందుకో నీకు సెప్పనేదు కదే," అంది అత్త.

కాలు కడిగిన ఆ అత్త చేతులు ఇప్పుడు లేవు. నిన్న మాత్రం మనవరాలి రాయి తీసుకుని ముందు నా ముంజేతి మీద రుద్దాను. తెల్లటి గీత పడింది, అంతే. అప్పుడు దాని చేతికిచ్చాను. ఎందుకో కూడా చెప్పాను.